బల్లకో తోటమాలి

పొద్దున్నే ఆఫీసుకి రాగానే గుమాస్తా చేసే మొదటి పని నమూనా బల్లకి నీళ్లు పోయడం. అది ఎండిపోతే నమూనా పాడుచేశావని మెమో ఇస్తారు మరి. రెండో పని, రాలిన ఆకులు ఊడ్చుకోవడం.

స్కూళ్లకి వెయ్యి బల్లలు కొనడానికి సర్కారు టెండరు పిలిచింది. కొత్తగా చెట్లు కొట్టకుండా పాత కలపతో చేసినవాళ్లకి ఇరవై మార్కులు ఎక్కువట. మంచిదే, కాదనేదెవరు? కానీ ఆ మార్కులు పడాలంటే కలప ఉంటే చాలదు, సర్టిఫికెట్టు ఉండాలి.

ఓ కంపెనీ పంపిన నమూనా బల్ల, పాత కలపేనని మూడు సీళ్ల సర్టిఫికెట్టుతో దిగింది. మూడో రోజుకి చిగురేసింది. పచ్చి కలప చిగురెయ్యక ఏం చేస్తుందని ఎవరూ పట్టించుకోలేదు. టైపిస్టు ఓ కొమ్మకి గొడుగు తగిలించింది కూడా.

టెండరు వేసిన ఓ వడ్రంగావిడ పాత తలుపులతో చేసిన బల్ల ఆ పక్కనే ఉంది, ఒక్క ఆకైనా లేకుండా. సర్టిఫికెట్టూ లేదు.

"తలుపులు నా చేత్తో విప్పాను సార్. గొళ్లెం మచ్చ చూడండి. ఇంకేం కాగితం కావాలి?" ఈ వారంలో ఆవిడ రావడం ఇది ఐదోసారి. "ఈ ఆర్డరు రాకపోతే షెడ్డు ఖాళీ చేసి పనిముట్లు అమ్ముకోవడమే."

గుమాస్తా విసురుగా ఆఫీసరు గదిలోకి వెళ్లాడు.

"సార్, పాత కలపన్న బల్ల ఆకులేస్తోంది."

"ఫారంలో ఆకులకి గడి ఉందా?"

"లేదు సార్."

"మరి నా ప్రాణం తియ్యకు."

గుమాస్తాకి ఒళ్లు మండిపోయింది. ఎదురుగా కొమ్మలు కనిపిస్తుంటే గడి కావాలా? సరే, గడే వెతుకుదామని ఫారమంతా చదివాడు. ఏడో పేజీలో దొరికింది: పదేళ్ల నిర్వహణ ఖర్చు. చవగ్గా కొని, తర్వాత రిపేర్లకి తగలేయకూడదని పెట్టిన గడి. ఇన్నాళ్లూ అందరూ అందులో సున్నా చుట్టి పంపేవాళ్లు.

కంపెనీ పేరు కింద రాశాడు: రెండు పూటలా నీళ్లు, నెలకోసారి కత్తిరింపు, స్కూలుకో తోటమాలి, పదేళ్ల జీతం. వడ్రంగావిడ పేరు కింద: గుడ్డతో తుడిస్తే చాలు.

ఆఫీసరు కూడిక రెండుసార్లు సరిచూశాడు. "ఇంతమంది తోటమాలుల్ని ఎవడు మంజూరు చేస్తాడయ్యా?" అని విసుక్కుంటూ కంపెనీ కాగితం పక్కన పడేసి, రెండోదాని మీద సంతకం గీకాడు.

సాయంత్రం గుమాస్తానే ఆర్డరు పట్టుకుని షెడ్డుకి వెళ్లాడు. వడ్రంగావిడ రెండుసార్లు చదువుకుంది.

"ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చుగా సార్, చెప్పులరిగేలా తిప్పారు," అని కసిరింది. కసురుతూనే ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుని, అమ్మడానికి కట్టిపెట్టిన మూట విప్పి రంపం బయటికి తీసింది.