చొక్కాల అడవి

బీరువాలోని చొక్కా పొద్దున్నే మంచం మీదికి ఎలా వస్తుంది? ఆ ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారు లేరు, అడిగినవారూ లేరు. వృక్షశాస్త్రం ప్రొఫెసరుగారు స్నానం ముగించి వచ్చేసరికి మడత నలగని చొక్కా, దానికి నప్పే ప్యాంటు, చేతిరుమాలు సిద్ధంగా ఉండేవి. రోజూ సూర్యుడు ఉదయించినట్టే అవీ ఉదయిస్తాయని ఆయన నమ్మకం. పెళ్ళయిన నాటి నుంచి ఆయన బీరువా తలుపు ముట్టిన పాపాన పోలేదు.

ఆ తలుపు వెనకే ఆయన భార్య ఒక అడవిని పెంచింది.

విత్తనం వేసింది ఆయనే. ఆయన పుస్తకంలోని ఆకుల బొమ్మలన్నీ, ఈనెలతో సహా, గీసింది ఆమె. అచ్చయ్యాక తన పేరు కోసం పుటలు తిరగేస్తుంటే, "వంట చేసినవాళ్ళ పేరు కంచం మీద రాస్తారటోయ్?" అని ఆయన నవ్వారు. పక్కనున్న ఆడపడుచు వంత పాడింది: "పోనీలే వదినా, ఓ బొంత కుట్టుకుని దానిమీద రాసుకో!"

సలహా బాగానే ఉందనిపించింది. మరి గుడ్డలెక్కడివి? బీరువా నిండా ఆయన బట్టలేగా! కాలర్ల మురికి రుద్ది రుద్ది అరిగిన ఆ వేళ్ళకు ఏ చొక్కా ఎక్కడ మెత్తబడిందో, ఎక్కడ ఇంకా బిర్రుగా ఉందో వేరే చెప్పాలా? ఆకుపచ్చ గళ్ళ చొక్కా పొదలయింది. నీలం చారలది వాగయింది. క్లాసులకు తొడుక్కెళ్ళిన గోధుమరంగు ప్యాంట్లు ఎండుటాకులై రాలాయి. కత్తెర ఎక్కడా ఆగలేదు. చివరికి మిగిలిన నాలుగు చొక్కాలనే తిప్పి తిప్పి మంచం మీద పెట్టేది. గడ్డిపోచకు సైతం శాస్త్రీయ నామం చెప్పగల ఆ మహానుభావుడికి తన ఒంటిమీది గుడ్డ ఆనవాలు తెలియలేదు.

ఊళ్ళో కళాప్రదర్శనకు ఆమె ఆ బొంతను ఇచ్చింది, ప్రారంభానికి నిర్వాహకులు ఆయననే పిలిచారు. బొంత కింద వాళ్ళు పెట్టిన చీటీ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, మర్యాదకు ఆయనదే ముందు. గొంతు సవరించుకుని, "అడవి ఆలోచన నాది, సూదీ దారం మా ఆవిడవి," అన్నారు. చప్పట్లు మోగాయి.

ఆమె ముందుకు వచ్చింది. "అయితే ఆ పెద్ద చెట్టు బెరడు దేంతో చేశామో చెప్పండి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏదో... ఉన్నిగుడ్డ."

"మీరు డాక్టరేటు పుచ్చుకున్ననాటి కోటు. గుడ్లగూబ కళ్ళు దాని గుండీలు."

ఆడపడుచు బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో వదినా! అన్నయ్య కోటు కోసేశావా?"

"కోసి రెండేళ్ళయిందమ్మా. మీ అన్నయ్య ఇంతవరకూ వెతకలేదు." భర్త వైపు తిరిగింది. "ఆలోచన మీదేనన్నారుగా, ఎందుకండీ అలా తెల్లబోతారు?"

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. నిర్వాహకురాలు కలం తీసి, చీటీ మీద మొదటి పేరు కొట్టేసింది.

మర్నాడు పొద్దున్న మంచం ఖాళీగా ఉంది. "ఏమోయ్, నా చొక్కా ఏదీ?" తువ్వాలు చుట్టుకుని ఆయన పెట్టిన కేకకు ఇల్లు అదిరింది. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటోంది.

చదివి నవ్వుకుంటున్న అయ్యా, లేవండి. మీ చొక్కా ఎక్కడుందో వెతికి తెచ్చి చూపించండి, మీ ఆవిడను అడగకుండా.