అత్తయ్య అప్పజెప్పిన ఉపన్యాసం

ఉపన్యాసం రేపు ఉదయమనగా నా గొంతు పోయింది. జలుబు కాదు, జ్వరం కాదు. సాధన ఎక్కువై పోయింది. అరగంట ప్రసంగాన్ని పది రోజుల్లో నలభై ఒక్కసార్లు, ఆఖరి వరసకు కూడా వినపడాలని, మా ముందుగదిలో నిలబడి గొంతు చించుకుని చెప్పాను. పంపుల ఇంజనీరుని కదా, దేన్నైనా వాడకానికి ముందు పూర్తి ఒత్తిడి మీద పరీక్షించడం అలవాటు.

మా ఆయన దంతవైద్యుడు. టార్చి వేసి నా నోట్లోకి చూసి, "పరీక్షలోనే పగలగొట్టేశావు. మూడు రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకు," అన్నాడు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని పైకి అనలేదు గానీ, ఆ మాట ముఖం మీద కనిపిస్తూనే ఉంది.

నాకు ఏడుపొచ్చింది. సీనియర్ ఇంజనీరుగా నా పదోన్నతి మూడేళ్లుగా ఫారంలో ఒకే ఒక్క గడి దగ్గర ఆగి ఉంది: "ఇంజనీర్ల సంఘంలో ఉపన్యాసం ఇచ్చారా?" ఆ గడిలో మా చీఫ్ ఇంజనీరు సంతకం పెట్టాలి. ఫారాలకు గడువు రేపటితో సరి. సంఘం కార్యదర్శికి మెసేజి పెడితే, ఆవిడ నిబంధనలు తిరగేసి జవాబిచ్చింది. రాసినవాళ్లు హాల్లో ఉంటే చాలట, వాళ్ల ప్రసంగం ఇంకెవరైనా చెప్పవచ్చట.

మా ఆయనకు "నోరు తెరవండి" అనడం తప్ప జనంతో మాట్లాడడం తెలియదు. పైగా నలభై ఒక్కసార్లలో ముప్పై తొమ్మిదిసార్లు సోఫాలో గురక పెట్టాడు.

"నేను చెప్తాలే అమ్మాయ్," అంది అత్తయ్య, అల్లుతున్న స్వెటరు మీంచి తల ఎత్తకుండానే. "నాకు మొత్తం వచ్చు."

అత్తయ్య ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసింది. ఇటు విన్నది అటు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పడమే ఆవిడ ఉద్యోగం. నలభై ఒక్కసార్లూ కదలకుండా కూర్చుని విన్నదీ ఆవిడొక్కతే. పరీక్షగా ఏడో స్లైడు వేలితో చూపించాను. గడగడా చెప్పేసింది. నా ప్రాణం లేచొచ్చింది. ఏడో స్లైడు ఒక్కటే చూసి సరిపెట్టుకోవడం నా బుద్ధితక్కువ. పంపునైతే అలా వదిలేదాన్నా?

శనివారం ఉదయం పది గంటలకు హాల్లో అరవై మంది పోగయ్యారు. ఏడాదికి ఇన్ని గంటలు నేర్చుకున్నట్టు లెక్క చూపించాలి గనుక వచ్చినవాళ్లే ఎక్కువ. హాజరు పుస్తకంలో సంతకం, ఒక కాఫీ, వెనక వరసలో కునుకు, వాళ్ల కార్యక్రమం అంతే. ముందు వరసలో మా చీఫ్. పక్కగా ఒక కుర్చీలో మెడకు మఫ్లరుతో నేను. ల్యాప్‌టాప్ దగ్గర మా ఆయన.

డెబ్బై నాలుగేళ్ల అత్తయ్య చేతిసంచీ భుజానికి వేసుకుని మైకు ముందు నిలబడింది.

"అందరికీ నమస్కారం. నేను ఇరవై రెండేళ్లుగా పంపుల మీద పనిచేస్తున్నాను. ఇక్కడ రెండు సెకన్లు ఆగి నవ్వాలి." ఆగింది. నవ్వింది.

ఆవిడకు వచ్చింది నా ఉపన్యాసం కాదు, నా సాధన మొత్తం.

"మన నీటి సరఫరా కేంద్రంలో రెండో నంబరు పంపు ఏడాదిలో మూడుసార్లు పాడైంది. నీటిని తోసే రెక్కలకు చిల్లులు పడ్డాయి. ఏమండీ, వింటున్నారా, పడుకున్నారా? కాళ్లు సోఫా మీంచి దించండి."

వెనక వరసలో నలుగురు ఉలిక్కిపడి సర్దుకుని కూర్చున్నారు. ల్యాప్‌టాప్ దగ్గర మా ఆయన కూడా కాళ్లు ముడుచుకున్నాడు. ఆపమని నేను గాల్లో చేతులు ఊపాను. అత్తయ్య నావైపు చూసి, "ఇక్కడ చేతులు ఎక్కువ ఊపకూడదు," అంది. అదీ సాధనలో నేను అన్న మాటే.

"పంపుకి నీళ్లు తెచ్చే పైపులోంచి చాలినన్ని నీళ్లు రాక బుడగలు పుట్టాయి. అవి పగిలినప్పుడల్లా రెక్కల్ని కొరికేశాయి. మరి నీళ్లెందుకు చాలలేదు? స్లైడు మార్చండి."

మా ఆయన మార్చాడు. తెర మీద పెద్ద అక్షరాలు: "కారణం: ఊహించని ప్రవాహ పరిస్థితులు."

ఇంట్లో ఈ స్లైడు దగ్గరకు వచ్చినప్పుడల్లా నేనేమనేదాన్నో అప్పుడు గుర్తొచ్చింది. లేచి "అత్తయ్యా!" అని అరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఊహించని పరిస్థితులట, నా మొహం!" అంది అత్తయ్య, అచ్చం నా విసురుతోనే. "పైపు సన్నం, మార్చండి మహాప్రభో అని మూడుసార్లు రాసిచ్చాను. మా చీఫ్ చదివితేగా! 'ఈ సైజు పైపు పాతికేళ్లుగా వేస్తున్నాను' అన్నాడు. పాతికేళ్లుగా పంపులెందుకు చస్తున్నాయో ఇప్పుడు తెలిసింది. అమ్మో, ఇది అక్కడ చెప్పకూడదు. అత్తయ్యా, మీరీ మాట విననట్టే."

అని గ్లాసందుకుని ఒక గుక్క నీళ్లు తాగింది.

చీఫ్ లేచాడు. నా పదోన్నతి మూటాముల్లె సర్దుకుని తలుపు వైపు నడుస్తున్నట్టే అనిపించింది.

"ఈ మాటలు మీవేనా?" అని నన్నడిగాడు.

అడ్డంగా ఊపుదామనుకున్న తల నిలువుగా ఊగింది.

ఆయన తెరవైపు చూశాడు. "మూడు ఉత్తరాలూ నా సొరుగులోనే ఉన్నాయి. మొదటిది చదివాను. మిగతావి కూడా అదేనని విప్పలేదు," అన్నాడు. మెడ రుద్దుకున్నాడు. "పైపు నేనే ఎంచాను. తప్పు నాదే."

వెనక నుంచి ఒక చెయ్యి లేచింది. "మేం వాల్వు తలకిందులుగా బిగించి, ఏడాదంతా తప్పు వాతావరణం మీదకి తోశాం సార్." ఇంకొకాయన తన ట్యాంకు సంగతి చెప్పాడు. ఇంకొకావిడ తన మీటరు సంగతి. పది నిమిషాల ప్రశ్నల సమయం గంటన్నర సాగింది. ఒక్కరూ కునుకు తీయలేదు. గొంతు ఖంగుమన్నప్పుడు ఎవరికీ పట్టని నా మాట, గొంతు లేని రోజున అరవై మంది విన్నారు. నవ్వాలో కోపగించుకోవాలో తెలియలేదు గానీ, కళ్లు మాత్రం నిండాయి.

అంతా అయ్యాక ఫారం చీఫ్ ముందు పెట్టాను. కలం తీశాడు. గడి దాకా వచ్చి ఆగాడు.

"పైపు సోమవారమే మార్పిస్తాను. ఇది మాత్రం... ఇక్కడ 'ఇచ్చారా' అని ఉంది. ఇచ్చింది ఈవిడ కదా? ఒకసారి ఆఫీసులో కనుక్కుని, వచ్చే వారం..."

అత్తయ్య చేతిసంచీ భుజం మీదకు సర్దుకుని మళ్లీ మైకు దగ్గరకు నడిచింది.

"బాబూ, మా కోడలు చెప్పకూడదన్నవి ఇంకో తొమ్మిదున్నాయి. వరసగా చెప్పమంటారా?"

చీఫ్ ఎంత వేగంగా సంతకం పెట్టాడంటే, కాగితానికి చిల్లు పడింది.

"సరే, లైను కట్ చేస్తున్నాను," అని అత్తయ్య మైకు ఆపేసింది.