అలుపులో వంతు

మీకు ప్రాణమైన ఆటగాడు ఎండలో కొండ ఎక్కుతుంటే మీరు ఫ్యాను కింద కూర్చుని ఈలలు వేస్తారే, ఆ ఈలలు అతని కాళ్ళకి ఏపాటి సాయం చేశాయో ఎప్పుడైనా ఆలోచించారా?

పెరంబూరులో కనకవల్లి ఇంట్లో ఈలలతో సరిపెట్టుకోవడం కుదరదు. జూలై వచ్చి, ఫ్రాన్సులో మూడు వారాల సైకిలు పందెం మొదలయిందంటే, సాయంత్రం ఆమె బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేసరికి ముందుగదిలో మనుషులు చేరిపోతారు. పక్కవీధి మునిరాజు ముందొస్తాడు. ఆయనా, కనకవల్లి భర్త భక్తవత్సలమూ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో కలిసి పనిచేసినవాళ్ళు. ఉద్యోగమున్నన్నాళ్ళూ సైకిళ్ళ మీదే పోయారు, సైకిళ్ళ మీదే వచ్చారు. తర్వాత మేడమీద అద్దెకుండే గుంటూరు కుర్రాడు సతీష్ లాప్‌టాప్ తెచ్చి టీవీకి తగిలిస్తాడు. ఒక్కొక్కరూ ఒక్కో రైడర్ని ఎంచుకుంటారు. ఎంచుకున్నవాడి అలుపులో ఒక వంతు వీళ్ళ కాళ్ళలోకి వచ్చేస్తుంది. ఆ మేరకు ఆడ వాడికి బరువు తగ్గుతుంది.

సందు చివర మందుల షాపతను కొండల రోజుల్లో నొప్పుల తైలం సీసాలు వీళ్ళకోసమని పక్కన పెట్టి ఉంచుతాడు. మర్నాడు ఇంటినుంచే పనిచేస్తానని సతీష్ ఫోన్ చేస్తే, వాళ్ళ మేనేజరు నిన్న ఎన్ని కొండలని మాత్రం అడిగి సరేనంటాడు.

భక్తవత్సలం ఎప్పుడూ పట్టికలో అట్టడుగున ఉన్నవాణ్ణే తీసుకునేవాడు. అన్నిటికన్నా వెనకుండే కడాపెట్టె దాటితేగానీ రైలు పోయినట్టు కాదనేది ఆయన వాదన. గెలిచేవాణ్ణి మోస్తే గొప్పగానన్నా ఉంటుంది, ఆ ఈసురోమనేవాణ్ణి మోసి ఏం బావుకున్నావని మునిరాజు ఏటా ఎగతాళి చేసేవాడు.

ఈ ఏడు ఫిబ్రవరిలో భక్తవత్సలానికి పక్షవాతం వచ్చింది. పోయిన మాట తిరిగొచ్చింది, చెయ్యీ వచ్చింది. ఎడమకాలు రాలేదు. జూలైలో పందెం మొదలయ్యాక ఎవరూ ఏమీ అనుకోకుండానే, రైడర్లని పంచుకునేటప్పుడు ఆయన్ని దాటేసి పోవడం అలవాటైపోయింది. దిండు సర్దేవారు, హార్లిక్స్ ఇచ్చేవారు, టీవీ సౌండు చాలా అని అడిగేవారు. ఆయన తల ఊపి, పిలవని పెళ్ళికి వచ్చినవాడిలా ఓ మూల కూర్చుని చూసేవాడు.

టైం ట్రయల్ రోజు పొద్దున, వ్యాయామం చేయించడానికి వచ్చే జెబ ఆయన్ని కళ్ళు మూసుకోమని ఎడమపాదం మీద సూదితో తాకి చూసింది. ఆయన ఉలకలేదు. ఆమె సూది తీసి పక్కన పెట్టాక, "ఆఁ, తెలస్తా ఉండాది," అన్నాడు. జెబా, పక్కనే ఉన్న కనకవల్లీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెళ్ళేటప్పుడు జెబ మెట్ల మీద ఆగింది. స్పర్శ ఉన్న కాలికైతే నడక నేర్పగలననీ, లేని కాలికి నేర్పలేననీ, ఇక చక్రాల కుర్చీ చూసుకోవడం మంచిదనీ కనకవల్లికి చెప్పింది.

ఆ సాయంత్రం కనకవల్లి చారుకి పోపు పెడుతూ వీళ్ళ మాటలు వింటోంది. టైం ట్రయల్ అంటే గుంపుండదు, గాలికి అడ్డం నిలిచే తోటివాడు ఉండడు. ఒక్కొక్కణ్ణీ విడిగా వదులుతారు, పోటీ గడియారంతో. గడువు దాటినవాణ్ణి ఇంటికి పంపేస్తారు. ఆడ సాయానికి ఎవరూ లేరు కాబట్టి, ఆ రోజు ఈడ చూసేవాళ్ళ వంతూ బరువే.

"ముందొచ్చేది ఆఖరోడేనండీ, అట్టడుగు నుంచి మొదలెడతారు," అన్నాడు సతీష్. "నిన్న పడ్డాడు. ఎడమ మోకాలికి కట్టు చూడండి. ఇవాళ్టితో ఇంటికే."

"వాడు నాకు," అన్నాడు భక్తవత్సలం.

సతీష్ లాప్‌టాప్ మీంచి తలెత్తాడు.

"సుమ్మా ఉండరా, నీకెందుకు ఊరికే," అన్నాడు మునిరాజు. "ఆ కట్టుకాలోణ్ణి నేను మోస్తాలే."

"నీకు గెలిచేవాళ్ళతోనే అలవాటు. ఓడేవాణ్ణి మొయ్యడం నీకేడ చేతనవుతాది?"

డాక్టరుగారు ఒత్తిడి వద్దన్నారు కదా, మీరైనా చెప్పండి ఆంటీ అని సతీష్ వంటింటి వైపు తిరిగాడు. కనకవల్లి గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మేము బాధపడతామని ఈయన పొద్దున అబద్ధమాడాడు. ఈయన బాధపడతాడని మేమంతా ఇన్నాళ్ళూ ఆడుతూనే ఉన్నాం. ఇంత దయ చేరి మనిషిని ఒంటరివాణ్ణి చేసేసింది గదా అనుకుంది.

"ఆయన వంతు ఆయనకి ఇచ్చేయండి," అంది. "ఏమన్నా అయితే జవాబు నేను చెప్తా. మునిరాజన్నా, నువ్వు ఆడ కూర్చో."

పొయ్యి ఆర్పి వచ్చి, నేలమీద కూర్చుని ఆయన ఎడమపాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. చల్లగా ఉంది. తెరమీద రైడరు వాలుబల్ల మీంచి రోడ్డెక్కాడు. భక్తవత్సలం కుడిపిక్క బిగిసింది, చొక్కా తడిసింది. ఎడమకాలు మాత్రం ఎవరిదో అన్నట్టు పడి ఉంది. రోడ్డు పైకి లేచింది. రైడరు పళ్ళు బిగించాడు. మోకాలి కట్టు ఎర్రబడుతోంది. కనకవల్లి చేతుల్లో పాదం గోరువెచ్చనైంది. తర్వాత కాలసాగింది.

భక్తవత్సలం పెద్దగా మూలిగాడు. మునిరాజు టీవీ ఆర్పబోయాడు.

"ముట్టుకోవద్దురా," అన్నాడు ఆయన. "నొస్తా ఉండాది."

"ఏడ?" అంది కనకవల్లి.

"నువ్వు పట్టుకోనుండావే, ఆడే. మోకాలు గూడా. పీకేస్తా ఉండాది కనకా."

ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. మొగుడికి నొప్పి అని వింటే ఇంత సంతోషం వస్తుందని కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో కనకవల్లికి తెలియదు. తైలం కోసం లేవబోయి, మళ్ళీ కూర్చుండిపోయింది. మునిరాజు తువ్వాలుతో తన మొహం తుడుచుకుని, నొస్తే అరవరా, ఎవురొద్దన్నారు అని కసిరాడు. ఆయన అరిచాడు. సతీష్ తన రైడర్ని ఎంచుకోవడమే మరిచిపోయాడు. కట్టుకాలివాడు గడువులోపలే గీత దాటాడు. ఆ మోకాలితో అంత బలం ఎక్కడిదో వ్యాఖ్యాతలకి అంతుపట్టలేదు.

కుర్చీ కొనలేదు. నొప్పి తెలిసిన కాలికి జెబ నడక నేర్పింది. దీపావళికి భక్తవత్సలం గోడ పట్టుకుని వీధిగుమ్మం దాకా వచ్చి, మునిరాజు కాల్చేది టపాకాయ కాదని తిట్టి లోపలికి పోయాడు.

మీ ఇంట్లోనూ ఒకరుంటారు. జబ్బనో వయసనో, పాపమనో, ఏ పనీ చెప్పకుండా, ఏ తగువులోకీ లాగకుండా, మెత్తటి దిండు వేసి మీరు కూర్చోబెట్టిన మనిషి. ఇది పక్కన పెట్టి వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఇన్నాళ్ళూ మీరు దాచిపెట్టిన బరువు వాళ్ళ చేతికి ఇవ్వండి.