పూర్తిగా తాగారు

గోరువెచ్చని నీళ్ళలో పొడి వేసి, ఉండ కట్టకుండా తిప్పుతూనే గ్లాసమ్మ వార్డు వైపు చెవి ఒగ్గింది. ఎవరు లేచారో, ఎవరు లేచి కూడా నిద్ర నటిస్తున్నారో దగ్గుని బట్టి, మంచం కిర్రుమన్న తీరుని బట్టి ఆవిడ చెప్పగలదు. అందరికంటే ఎక్కువ నటించేది తలుపు పక్క మంచం.

తిండి సయించక, ఒంట్లో కండ కరిగిపోయిన రోగులకి బలం కోసం ఇచ్చే ఆ పాలరంగు పానీయాన్ని బండి మీద పెట్టుకుని మంచం మంచానికీ తిరిగి తాగించడమే ఆవిడ ఉద్యోగం. అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. ఏభై దాటిన మనిషి. కుడి మోకాలు ఎప్పుడు మొండికేస్తుందో తెలియదు. బతిమాలడంలో మాత్రం ఆవిడకి ఆవిడే సాటి. "ఇంత దూరం కుంటుకుంటూ వచ్చింది మీ అందం చూడ్డానికా?" అంటే ఎంతటి మొండిఘటమైనా నోరు తెరవాల్సిందే. "అమ్మ గ్లాసు పట్టుకుందంటే ఇల్లొదిలి పారిపోవాలి" అని కూతురు ఆటపట్టిస్తుంది. గ్లాసమ్మ కన్నతల్లి ఆఖరి రోజుల్లో ఈవిడ చేతిలోని గ్లాసుని పెదవుల దాకా రానివ్వలేదు. అప్పటి నుంచి గ్లాసు నిండుగా వెనక్కొస్తే గ్లాసమ్మకి భయం.

తలుపు పక్క మంచం మీద ఉన్నది బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన. పక్షవాతంతో గొంతు సగం చచ్చుబడింది. పల్చటిది ఏం తాగినా కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతుందని డాక్టరు చెప్పాడు. అందుకే ఆయన గ్లాసులో చిక్కపరిచే పొడి కూడా కలపాలి. మంచం తల దగ్గర 'చిక్కగా మాత్రమే' అని ఎర్రక్షరాల అట్ట వేలాడుతోంది. సోమవారానికి కాస్త బరువు పెరిగితే ఇంటికి పంపుతారు, లేకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తారు. ఆయన చూస్తే దుప్పటి కింద మనిషి ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు.

"ఇది తాగేదా, గోడలకి పోస్టర్లు అంటించేదా?" అన్నాడు మాటలు ఈడుస్తూ.

"అంటిస్తే మీ ఫొటోనే అంటిస్తాలే బాబాయ్. రెండు గుక్కలు, అంతే."

నోట్లో పోసింది పోసినట్టే గడ్డం మీదికి కారిపోయింది. తుడిచి మళ్ళీ పట్టింది. మళ్ళీ కారింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీళ్ళలా తాగాలనుంది తల్లీ. ఒక్కసారి. గొంతు తడిస్తే చాలు."

గ్లాసమ్మ అటూ ఇటూ చూసింది. సిస్టర్ వార్డు అటు చివర ఎవరికో సూది వేస్తోంది. తిన్నగా కూర్చోబెట్టి మెల్లగా పడితే ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుంది. చిక్కపరిచే పొడి జోలికి పోకుండా ఇంకో గ్లాసు కలిపింది.

ఆయన గటగటా తాగాడు. చివర్న చిన్నగా దగ్గాడు.

"బతికించావమ్మా," అన్నాడు.

ఆవిడకి ఏదో గెలిచినట్టనిపించింది. పక్క మంచం దాటేలోపు ఆ దగ్గు మళ్ళీ వినపడింది. ఈసారి తడిగా ఉంది. పొలమారి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుని బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి ఆయన గొంతులో గురగుర మొదలైంది. ఒళ్ళు కాలిపోతోంది. పని మధ్యలో లేచొచ్చిన పెద్దాయన కూతురు, భుజానికి బ్యాగు అలాగే ఉండగా, తండ్రి పాదాలు రుద్దుతోంది. గ్లాసమ్మని చూసి నవ్వబోయింది.

"పొద్దున గ్లాసు ఖాళీ చేశారటగా. మీ చేతి చలవ అక్కా."

సిస్టర్ ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. తలెత్తినప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు.

"పొద్దున ఎంత తాగారు?"

"పూర్తిగా తాగారు సిస్టర్."

"చిక్కగానే పట్టావుగా?"

నిజం గ్లాసమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ కూతురు అంత నమ్మకంగా చూడకపోయుంటే చెప్పేసేదేమో.

"చిక్కగానే సిస్టర్."

సిస్టర్ డాక్టరుకి ఫోన్ చేయడానికి పరుగెత్తింది. ఆ తర్వాత ఆక్సిజన్ వచ్చింది, సూదులు వచ్చాయి. గ్లాసమ్మ మిగతా వార్డులు తిరిగింది. ఆవిడ నోట బతిమాలే మాట రాలేదు, వద్దన్నవాళ్ళని వదిలేసింది. బండి నిండా నిండు గ్లాసులే తిరిగొచ్చాయి. ఇక చెప్పేద్దామని సిస్టర్ గది గుమ్మం దాకా వెళ్ళింది.

"ఏంటి గ్లాసమ్మా?"

"తుడిచే గుడ్డలు అయిపోయాయి సిస్టర్."

సాయంత్రం బండితో వచ్చేసరికి తలుపు పక్క మంచం చుట్టూ తెర లాగి ఉంది. తెర వెనక ఎవరూ దగ్గడం లేదు. గ్లాసమ్మ గోడకి ఆనుకుంది. తన చేత్తోనే జరిగిందని ఆవిడకి తెలుసు. ఇంకెవరికీ తెలియదనీ తెలుసు. ఆ రెండోదాన్నే ఆవిడ మరీ భరించలేకపోయింది.

తెర తొలగించుకుని కూతురు బయటికొచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. చేతిలోని సంచి ఆవిడకి అందించింది.

"నాన్న ఆఖరుసారి ఇష్టంగా తాగింది మీ చేత్తోనే అక్కా. ఇంటికొచ్చాక నాన్నకి పడదామని ఇది కొన్నాను. ఇంకెవరికైనా పట్టండి."

"అమ్మా, నేను పొద్దున..."

"మీరేం బాధపడకండి. మీరు చేయగలిగిందంతా చేశారు." ఆమె గ్లాసమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ చేతులు లాక్కునే ధైర్యం గ్లాసమ్మకి లేకపోయింది. కూతురు తెర వెనక్కి వెళ్ళిపోయింది.

సంచిలో ఆ పానీయం పొడి డబ్బా ఉంది, మూత తీయనిది. దాని చుట్టూ, తాగేటప్పుడు మెడకి కట్టడానికి రెండు పక్కలా నాడాలు కుట్టిన నీలం తువ్వాలు, ఇస్త్రీ మడత చెదరకుండా.