కాగు కింద నిప్పు

లోద్రో బౌద్ధ మఠం వంటశాలలో బూడిదతో రాగి కాగు తోముతున్నాడు. మనిషి పడుకోగలిగేంత కాగు అది. మఠం ప్రభుత్వ కమిటీ చేతికి వచ్చాక సన్యాసులకు కరెంటు బాయిలర్‌లో ఉప్పూ వెన్నా వేసే చాయ్ కాస్తున్నారు. కాగు చుట్టూ ఎర్ర తాడు కట్టి, చూడ్డానికి టిక్కెట్టు పెట్టారు. పక్కన పేర్చిన పిడకలు కూడా చూడ్డానికే. జీవితమంతా చాయ్ కాచి నడుము వంగిన లోద్రోకి తోముడు పని మిగిలింది. వంట లేని ఇంట్లో విస్తళ్లు కుట్టడంలా ఉండేది పాపం.

పశువుల మేత మైదానం నుంచి లుమోకి అనే ఆవిడ వచ్చింది, వీపున వెన్నసంచితో. భర్త పోయి నలభై తొమ్మిదో రోజు. ఇవాళ ఆయన పేర సన్యాసులందరూ చాయ్ తాగాలి. లేకపోతే దాహంతోనే మరుజన్మకు పోతాడని ఆమె దిగులు.

"ఆఫీసులో ఏమన్నారమ్మా?"

"డబ్బు కట్టి రసీదు తీసుకోమన్నారు బాబాయ్. వెన్న ముట్టుకోరంట. రసీదు తాగుతాడా ఆయన?"

"నా చాయ్‌లో ఉప్పెక్కువని తిట్టేవాడు నీ మొగుడు."

"ఇవాళైనా సరిగ్గా వెయ్యి మరి," అంది ఆమె, ఏడుస్తూనే నవ్వి.

తాడు దాటితే మఠంలో చోటు పోతుందని లోద్రోకి తెలుసు. పోతే పోయిందనుకుని తాడు విప్పి, కాగులో నీళ్లు పోసి, ఆమె వెన్న వేసి, కింద పిడకలు పేర్చాడు. పిడకలు అంటుకోగానే యాత్రికులు ఇదీ టిక్కెట్టులో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. పరిగెత్తుకొచ్చిన కమిటీ మేనేజర్ గొన్‌పో వాళ్ల ముందు మంట ఆర్పలేక పక్కకు తప్పుకున్నాడు.

ప్రార్థనశాలలో చనిపోయినవాడి పేరు చదివారు. వరసలన్నీ తాగాయి. గడప దగ్గర కూర్చున్న లుమోకి ముఖం తేటపడింది. లోద్రోకి కడుపు నిండిపోయింది.

గొన్‌పో తలెత్తలేదు. "మఠం రిజిస్టర్లో నీ పేరు కొట్టెయ్యాలి బాబాయ్. పైవాళ్లు అడుగుతారు."

"నిన్ను తిప్పలు పెట్టానురా నాయనా. చెల్లెలి కూతురు ఎప్పట్నుంచో రమ్మంటోందిలే."

సాయంత్రం బస్సుకు లోద్రో మూట కట్టుకుని వెళ్లిపోయాడు. ఊరు విడిచేవాడి కోసం గిన్నె నిండా చాయ్ పోసి, ఎవరూ తాగకుండా ఉంచుతారు అక్కడ, మళ్లీ వచ్చి తాగాలని. అందరూ వెళ్లాక గొన్‌పో కాగు అడుగున మిగిలిన చాయ్ గీకి లోద్రో కొయ్యగిన్నెలో పోశాడు. పొయ్యిగట్టు మీద ఆ కొయ్యగిన్నెలో వెన్న మెల్లగా మీగడ కడుతోంది.