కుంపటికీ బాటరీకీ నడుమ

మా ఇంట్లో గదులు రెండు. ముందుది అంగడి, దాని వెనకది నేను పురుడు పోసుకున్న గది. ఆ గది వెనక తలుపు తీస్తే రేకుల చావిడి. అందులో సిమెంటు దిమ్మ మీద ఆయిలింజను, దాని బెల్టుకి డైనమో, పక్క బల్ల మీద వరసగా బాటరీలు. మేముంటున్న బంటింగు ఊళ్ళోకి కరెంటు ఇంకా రాలేదు. ఊళ్ళో ఏ కారు మొరాయించినా దాని బాటరీని మోసుకొచ్చి మా ఆయన ముందు పెట్టేవారు. ఆయన వాటికి ప్రాణం పోసి పంపేవారు. ప్రాణం పోయడమంటే ఏమిటో నాకూ ఆ మధ్యే తెలిసింది గనక ఆ మాట తేలిగ్గా అనడం లేదు.

పురుడు చూడ్డానికి మా అత్తగారు దేవుడమ్మ, తాను ఓడెక్కి కూలికొచ్చిన సుంగై సుమున్ తోట నుంచి వచ్చింది. వస్తూనే మట్టి కుంపటి, గోనెడు బొగ్గులు, వాము, వెల్లుల్లి పొట్టు దించింది. అంగట్లో మగవాళ్ళుంటారని ఇంటివాళ్ళ రాకపోకలన్నీ వెనక గుమ్మంలోంచే. ఆ గుమ్మంలోనే కుంపటి రాజేసింది.

"పురుడెళ్ళే దాకా ఇది ఆరకూడదు. ఎవుడొచ్చినా కాళ్ళు ఈ పొగకి సూపించి మరీ రావాల" అంది.

ముందుగా వచ్చింది ఆవిడ కొడుకే. మా ఆయన తాతబాబు చావిడిలోంచి వచ్చి, కుంపటిని చూసి అక్కడే నిలబడిపోయారు.

"అమ్మా, ఇక్కడ నిప్పొద్దు. బాటరీ సార్జీ అయినప్పుడు దాంట్లోంచి గాలొస్తాది. దానికి నిప్పు తగిల్తే పేలిపోతాది."

"ఏ గాలి రా? నాకేటీ అగుపడ్డం లేదు."

"అది అగుపడదమ్మా."

"అగుపడని దానికి బయపడి నువ్వు నిప్పార్పమంటే తెలివి. అగుపడని దానికి బయపడి నేను నిప్పెడితే పిచ్చి. అంతేనా?"

మంచం మీంచి నేను మనసులోనే అత్తగారికి ఓ మార్కు వేశాను.

మా ఆయన నా వైపు తిరిగారు. "కాలేజీలో సదువుకున్నావు కదా, నువ్వైనా సెప్పు."

విశాఖపట్నంలో ఇంటరు చదివిన నాకు హైడ్రోజను సంగతి తెలుసు. అత్తగారికి పాఠం చెప్పిన కోడళ్ళ సంగతి కూడా తెలుసు. "చెప్పడం ఎందుకు, చూపించండి" అన్నాను.

పొద్దుట్నుంచీ పడుతున్న వాన కాస్త తెరిపిచ్చింది. ఆయన ఓ చిన్న సీసాకి తడి గోనె చుట్టి, బుడగలు పొంగుతున్న బాటరీ మూతి మీద కాసేపు బోర్లించి పట్టుకున్నారు. దాన్ని అలా బోర్లాగానే పెరటి చివరికి తీసుకెళ్ళి, పొడుగాటి వెదురుకర్ర కొసకి నిప్పు ముట్టించి సీసా మూతికి చూపించారు. టప్పుమంది. పక్కింటి చీనావాళ్ళ బాతులు గోలగోలగా లేచాయి.

మా అత్తగారు బెదరలేదు. "ఒరే తాతిగా, ఇది దీపావళికి బాగుంటాది లా!" అంది, ఇక్కడివాళ్ళ లాగే మాట చివర ఓ 'లా' తగిలించి.

"సీసాడు గాలికే అంత మోత అమ్మా. సావిడి నిండా పట్టిందనుకో. ఆ తలుపుకి అవతల ఎవుడున్నాడు?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. లోపలికొచ్చి కుంపటి పక్కన చతికిలబడింది. అయినా ఆర్పలేదు. బొగ్గుల్ని పుల్లతో కెలుకుతూ, ఎవరికో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"నీకన్నా ముందొకడు పుట్టినాడు రా. ఓడ దిగినాక, రోగాలంటుతాయని మమ్మల్నందర్నీ ఓ సెడ్డులో ఎట్టినారు కదా, అక్కడ. నిప్పెట్టుకోనివ్వలేదు. ఒకటే వాన. తెల్లారి సూసుకుంటే పిల్లడు సల్లగా ఉన్నాడు."

తనకో అన్న పుట్టి పోయాడని మా ఆయనకి అప్పటిదాకా తెలియదు. గుమ్మంలోకి వచ్చి కుంపటికి ఇవతల కూర్చున్నారు.

"నీ గాలి సంగతి నువ్వు సూసుకుంటావు. సలి సంగతెవుడు సూస్తాడు?" అందావిడ.

పని ఆపడానికి వీల్లేదు. బల్ల మీదున్నది తోట ఆసుపత్రి కారు బాటరీ. దానికి చార్జి ఎక్కితేనే డాక్టరు కదిలేది. బయటికి తీసుకెళ్దామా అంటే మళ్ళీ వాన పట్టుకుంది, ఇంజనేమో దిమ్మకి బిగించేసి ఉంది. ఆయన బాటరీ వంక చూశారు, కొడుకు వంక చూశారు. "పోనీ ఇంజను ఆపెత్తాను. డాక్టరుకి నేనే సెప్పుకుంటాను" అన్నారు.

"ఆ డాక్టరు కోసం ఏ తల్లి సూస్తందో! ఆపకు."

ఆవిడ లేచింది. కుంపటిని గుడ్డతో పట్టుకుని వానలోనే పెరటి అవతల వంటపాకలో పెట్టి వచ్చింది. తల తుడుచుకుని, పొడి చీర కట్టుకుని, చేతులు ఒకదానికొకటి రాసుకుని వేడి చేసుకుంది.

"ఇలాగియ్యవే వాణ్ణి."

పొత్తిగుడ్డలు విప్పేసి పిల్లాణ్ణి తన గుండెకి ఆనించుకుంది. పైట ఇద్దరికీ కలిపి బిగించి చుట్టి, గోడకి చేరబడింది. మా వాడు కాసేపు గునిసి, వెచ్చదనం తగలగానే నిద్రపోయాడు.

"పనెట్టుకోరా. ఈ కుంపటికి నీ గాలంటుకోదులే" అంది.

అది మొదలు ఇంజను తిరుగుతున్నంతసేపూ మా వాడు ఆవిడ గుండె మీదే. ఇంజను ఆగి, చావిడి తలుపులన్నీ తీసి గాలి ఆడాకే గుమ్మంలోకి కుంపటి వచ్చేది. పాలవేళకి వాణ్ణి నాకు ఇచ్చేది, అదీ గుర్తు చేస్తే. కూర్చున్న చోటు నుంచే కొడుకు మీద అజమాయిషీ. "మూతలిప్పినావా? ఇంజనాపకుండా తీగలు పీకుతున్నావేటి, నిప్పురవ్వ లేస్తాదని నువ్వే కదరా సెప్పినావు!" ఓ రోజు లారీల యజమాని, చీనా తౌకే, సిగరెట్టుతో చావిడిలో అడుగు పెట్టబోయాడు. మనవడితో సహా లేచి నిలబడి ఆవిడ వేసిన కేకకి ఆ సిగరెట్టు మురిక్కాలవలో పడింది. అప్పటినుంచి తౌకే వీధిలోనే జేబులు తడుముకుని లోపలికి వచ్చేవాడు.

పురుడు వెళ్ళింది. మర్నాడు ఆవిడ తోటకి తిరిగి వెళ్ళాలి. మూట కట్టడం అయిపోయింది. సాయంత్రం ఇంజను ఆగింది. బాటరీల వాళ్ళు ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు.

"అత్తయ్యా, ఇంజను ఆగింది. బాబునివ్వండి, పడుకోబెడతాను" అన్నాను.

ఆవిడ పైట ఇంకాస్త బిగించింది. "ఉండవే. గాలింకా పోలేదు. వాసనొస్తంది."

హైడ్రోజనుకి వాసన ఉండదు. ఆ ముక్క నేను పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. గుమ్మంలో చేతులు తుడుచుకుంటున్న మా ఆయనకీ ఆ సంగతి తెలుసు. ఏదో అనబోయారు. నేను ఆయన వంక చూశాను.

"అవునమ్మా, ఇంకా ఉన్నాది" అన్నారాయన.

చావిడిలోకి వెళ్ళి, ఖాళీ బల్ల పక్కన ఇంజను మళ్ళీ తిప్పారు.