కాలువ పక్కన రెండు సాళ్ళు

మబ్బు పట్టిందని పొద్దున్నే మొక్కజొన్నలో యూరియా చల్లాను. వానకు కరిగి వేళ్ళకు దిగుతుందని నా ఆలోచన. మా నాన్న అలాగే చల్లేవాడు. కాలువ నీళ్ళు పరీక్షచేయడానికి ఊరికొచ్చే అమ్మాయి వద్దని రెండుసార్లు చెప్పింది. పెద్ద వానైతే ఎరువు పంటకు దక్కదట, కాలువ పాలవుతుందట. కాలువ పక్కన గడ్డి వదిలితే కొంతైనా ఆగుతుందంది. నేను ఆ గడ్డి దున్నేసి ఇంకో రెండు సాళ్ళు వేశాను.

ఆ కాలువ నేరుగా నా బావమరిది చేపల చెరువులోకి పోతుంది. పోయినేడు ఎరువు నీళ్ళు చేరి అందులో నాచు పట్టి చేపలు ఊపిరాడక చచ్చి తేలాయి. ఈసారీ అలాగైతే చెరువు వదులుకోవాల్సిందేనని ఊరంతా చెప్పుకుంటున్నాడు. నాతో చెప్పడు. మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్న తొమ్మిది రోజుల్లో సొంత అక్కను చూడ్డానికి ఒక్కపూటే వచ్చాడు. చేపలు పట్టే రోజులన్నాడు. అప్పట్నుంచి మాకు మాటల్లేవు.

మధ్యాహ్నానికి పడమర నల్లబడింది. వచ్చేది చిన్న వాన కాదు. కంచం ముందు కూర్చుని లేచాను. నాలుగుసార్లు గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. వాడి చేపలు చస్తే నాకేం అనుకున్నాను. అనుకున్నా కాలు నిలవలేదు. పార తీసుకుని చేలోకి పోయాను.

చేలో నీళ్ళు కాలువలోకి పోయే మడవ దగ్గర బావమరిది అప్పటికే ఉన్నాడు, తన పారతో. అడక్కుండా నా చేలో కాలెందుకు పెట్టావన్నాను. పొద్దున నేను చల్లడం చూశాడట.

"మడవ కట్టేస్తే నీళ్ళు నిలిచి నీ పైరు పోతుంది బావా. కట్టకపోతే నా చేపలు పోతాయి. నీ చేను, నువ్వే చెప్పు."

"నీ చెరువు పాడుచేసింది నేనేనని ఊళ్ళో చాటావుగా. ఇప్పుడు నన్నడుగుతావేం?"

"చాటాను. అబద్ధమా?"

కాదు. అందుకే ఒళ్ళు మండింది.

మొదటి చినుకులు పడ్డాయి. మట్టిపెళ్ళ తీసి మడవలో వేశాను. అటువైపు నుంచి అతనూ వేశాడు. వాన దంచింది. నీళ్ళు చీలమండ దాటాయి, పిక్కల దాకా వచ్చాయి. నన్ను ఇంటికి పొమ్మన్నాడు, గట్టు తాను చూస్తానన్నాడు. నా గట్టు నేనే చూసుకుంటానన్నాను. ఈ కొసన నేను, ఆ కొసన అతను.

వారం తిరిగేసరికి పల్లంలో సగం పైరు పసుపెక్కి ఒరిగింది. చేపలు బతికాయి. ఆ సంగతి చెప్పడానికి అతను మా గుమ్మం దాకా వచ్చాడు. తెలుసన్నాను. ఇంకేదో అనబోయాడు. పనుందని చెప్పి అతణ్ణి అక్కడే వదిలి చేలోకి పోయాను.